మిల్-స్పెక్ క్లాంపులు, బోల్టులు: పెట్టె మీద రాసింది నమ్మొచ్చా?

మూడోషిఫ్టు:

అందరికీ నమస్కారం. ట్రైలర్ మీద బిగించిన డీజిల్ జనరేటర్ సెట్ ఒకటి నేను చూసుకుంటుంటాను. దాన్ని తరచూ అటూ ఇటూ లాక్కెళ్తాం కాబట్టి ఇంజిన్ అదురు ఒకటి, రోడ్డు కుదుపులు ఇంకొకటి. ఎనిమిది నెలల్లో మూడుసార్లు చిన్న చిన్న సామాన్ల వల్లే ఆగిపోయింది. మొదట రేడియేటర్ పై హోస్ క్లాంప్ దగ్గర నీళ్లు కారాయి. తర్వాత ఫ్యూయల్ పైపును ఫ్రేముకి పట్టి ఉంచే రబ్బరు లైనింగ్ క్లాంపులో రబ్బరు ఉబ్బిపోయి, పుట్టగొడుగులా మెత్తబడి, ఊడి వేలాడింది. రబ్బరు పోయాక ఆ రేకు అంచు పైపును రాసీ రాసీ తళతళలాడే గాడి పెట్టేసింది, ఇంకో వారం ఆగితే చిల్లు పడేదేమో. మూడోది ఆల్టర్నేటర్ బ్రాకెట్ బోల్టు. స్ప్రింగ్ వాషర్ వేసే ఉంది, గట్టిగానే బిగించాను, అయినా ఒకరోజు చూస్తే బోల్టు సగం బయటికొచ్చి ఉంది, నట్టు ఎక్కడ పడిందో తెలీదు.

విసుగొచ్చి ఈసారి అన్నీ మిలిటరీ గ్రేడువే వేసేద్దామని వెతకడం మొదలుపెట్టా. అక్కడి నుంచి అయోమయం. ఒకడు 'మిల్-స్పెక్ స్టెయిన్‌లెస్' అంటాడు, ఇంకొకడు 'మిల్-ఎస్‌టీడీ-810 సర్టిఫైడ్ క్లాంప్' అంటాడు, మరోచోట ఏఎన్, ఎంఎస్, ఎన్ఏఎస్ అని నంబర్లు మాత్రమే ఉన్నాయి, వివరం లేదు. వీటిలో ఏది అసలైనది? మిలిటరీ స్టాండర్డ్ అంటే మామూలు వాటికంటే బలం ఎక్కువ అనేనా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

పాతస్పానర్:

తమ్ముడూ, ముందు ఒక మాట. 'మిలిటరీ గ్రేడ్' అనే గ్రేడు లేదు. మిల్-స్పెక్ అంటే బలానికి పెట్టిన పేరు కాదు, ఒక కాగితానికి పెట్టిన నంబరు. ఆ కాగితంలో ఏ లోహం, ఏ పూత, ఎంత కొలత, ఎంత వేడి వరకు, ఏ పరీక్షలో నిలబడాలి అన్నది రాసి ఉంటుంది. అమ్మేవాణ్ణి నువ్వు అడగాల్సింది 'ఇది మిల్-స్పెక్కా' అని కాదు, 'ఏ నంబరు' అని. నంబరు చెప్పలేకపోతే ఆ మాట అలంకారానికి రాసుకున్నదే.

810 సంగతి మరీ తమాషా. అది పరికరాలను వేడి, చలి, ఉప్పు పొగమంచు, అదురు, కుదుపు లాంటివాటిలో ఎలా పరీక్షించాలో చెప్పే పద్ధతుల పుస్తకం. 1962లో మొదటిది వచ్చింది, ఇప్పటి హెచ్ రివిజన్ 2019లో వచ్చింది. పరీక్ష ఎంత తీవ్రంగా ఉండాలో వాడకాన్ని బట్టి మనమే సరిచేసుకోమని అదే చెబుతుంది. ప్రభుత్వం తరఫున ఎవరూ దానికి సర్టిఫికెట్ ఇవ్వరు. కాబట్టి '810 సర్టిఫైడ్ క్లాంప్' అని రాస్తే ఏ మెథడ్, ఎంత తీవ్రత, ఎన్ని గంటలు, రిపోర్టు ఏది అని అడుగు. సాధారణంగా సంభాషణ అక్కడే ముగుస్తుంది.

నువ్వు చూసిన అక్షరాల్లో ఏఎన్ అన్నది పాత అమెరికన్ సైనిక విమానాల కాలం నాటి వరుస, ఎంఎస్ అంటే మిలిటరీ స్టాండర్డ్, ఎన్ఏఎస్ అంటే విమాన పరిశ్రమ వాళ్ల సొంత స్టాండర్డ్. 1994లో అమెరికా రక్షణ శాఖ వీలైనంతవరకు సొంత స్పెక్కులు తగ్గించి పరిశ్రమ స్టాండర్డులు వాడమని నిర్ణయించింది, ఆ తర్వాత చాలా ఎంఎస్ కాగితాలు చేతులు మారాయి. అందుకే ఎంఎస్21919 క్లాంప్ ఇప్పుడు ఏఎస్21919 అని, ఎంఎస్21042 నట్టు ఎన్ఏఎస్ఎం21042 అని కనిపిస్తుంది. పేరు మారిందని నకిలీ అనుకోకు.

ఇప్పుడు బలం గురించి. ఏఎన్ స్టీలు బోల్టు తన్యత బలం, అంటే లాగితే తెగకుండా ఆగే బలం, చదరపు అంగుళానికి 1,25,000 పౌండ్లు, అంటే సుమారు 860 మెగాపాస్కల్స్. తల మీద 10.9 అని ఉండే మామూలు మెట్రిక్ బోల్టుది కనీసం 1,040. అర్థమైందా, నువ్వు మిలిటరీది అని కొనేది మీ ఇంజిన్ మీద ఇప్పుడున్న బోల్టు కంటే తక్కువ బలందే కావచ్చు. ఏఎన్ బోల్టు గొప్పదనం లోహం, పూత, మరలు, కొలత అన్నీ ఒకే రకంగా రావడం, ఏ లాట్‌లోంచి, అంటే ఒకేసారి తయారైన ఏ గుంపులోంచి తీసినా అలాగే ఉండడం.

ఇంకో చిక్కు, ఇది కొనకముందే చూసుకో. ఏఎన్, ఎంఎస్ సామాను చాలావరకు అంగుళాల మరలతో ఉంటుంది. మీ ఇంజిన్ మెట్రిక్ అయితే బ్లాకులో ఉన్న రంధ్రాలకి అవి పనికిరావు. ఎం8, 5/16 అంగుళం రెండూ చూపుకి ఒకేలా ఉంటాయి, లావు రెండూ దాదాపు 8 మిల్లీమీటర్లే. చేత్తో తిప్పితే ఒకటి రెండు మరలు హాయిగా ఎక్కుతుంది, తర్వాత బిగిసిపోతుంది. 'కొత్తది కదా టైటుగా ఉంది' అనుకుని పాన వేశావా, బ్లాకులో మరలు పోయినట్టే. నేను చేశాను కాబట్టి చెబుతున్నా, ఆ తర్వాత ఒక రోజంతా హెలికాయిల్, అంటే పోయిన మరల చోట పెట్టే తీగ చుట్ట, వేసుకుంటూ కూర్చున్నా.

మూడోషిఫ్టు:

అన్నా, ఇంజిన్ మెట్రిక్కే! ఇది చెప్పకపోతే ఆ అంగుళాల సెట్టు ఆర్డర్ పెట్టేసేవాణ్ణే. మరి స్ప్రింగ్ వాషర్ వేసినా నట్టు ఎందుకు ఊడింది? ఆ వాషరు ఉన్నదే అందుకు కదా?

పాతస్పానర్:

అందుకే అని అందరం నేర్చుకున్నాం. కానీ స్ప్రింగ్ వాషర్ బిగించగానే చపటాగా అణిగిపోతుంది, ఆ తర్వాత అది మామూలు వాషరే. నాసా 1990లో వెలువరించిన ఫాస్టెనర్ డిజైన్ మాన్యువల్ కూడా లాకింగ్ కోసం అది పనికిరాదనే తేల్చింది. నట్టు ఊడేది ఎక్కువగా అడ్డంగా వచ్చే కదలిక వల్ల, నిలువుగా లాగడం వల్ల కాదు. యుంకర్ అనే జర్మన్ ఇంజినీరు 1969లో ఇది యంత్రం కట్టి మరీ చూపించాడు: పట్టుకున్న రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి అటూ ఇటూ జారితే చాలు, నట్టు తనంతట తానే వెనక్కి తిరుగుతుంది. జారకుండా ఉంచేది బోల్టులో ఉన్న లాగుడు, అంటే బిగించినప్పుడు బోల్టు సాగి ముక్కల్ని నొక్కిపట్టే బలం. ఆ లాగుడు తగ్గిందంటే ఏ వాషరూ కాపాడలేదు.

నువ్వు ఒకసారి ఆ బ్రాకెట్ విప్పి చూడు. బోల్టు తల కింద పెయింట్ మందంగా ఉందా? పెయింట్ పొర వేడికి మెల్లగా నలిగి పల్చబడుతుంది, ఆ వెంట్రుక మందం తగ్గినా సన్నటి బ్రాకెట్లో వేసిన పొట్టి బోల్టు లాగుడు సగానికి పడిపోతుంది. పొడుగు బోల్టు సాగే గుణం ఎక్కువ కాబట్టి ఈ నష్టాన్ని తట్టుకుంటుంది. రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయిందేమో కూడా చూడు, సాగితే బ్రాకెట్ మార్చాల్సిందే, ఏ మిలిటరీ బోల్టు వేసినా లాభం లేదు.

టార్క్, అంటే బోల్టును తిప్పే బలం విషయం. రెంచి మీద పెట్టిన బలంలో దాదాపు తొంభై శాతం తల కింద, మరల్లో రాపిడికే పోతుంది, పదో వంతే బోల్టును సాగదీస్తుంది. అందుకే పొడి మరలకి రాసిన టార్క్ నూనె పూసిన మరలకి పెడితే బోల్టు ఎక్కువ సాగి తెగొచ్చు, తుప్పు పట్టిన మరలకి పెడితే అసలు బిగుసుకోకపోవచ్చు. 'గట్టిగానే బిగించాను' అన్నావు చూడు, ఆ గట్టి మనకి చేతిలో తెలుస్తుంది, బోల్టుకి తెలియకపోవచ్చు.

లాకింగ్ కావాలంటే తనంతట పట్టుకునే నట్టు వాడు. నైలాన్ ముక్క ఉన్నది, ఎంఎస్21044 లాంటిది, 250 ఫారెన్‌హీట్ వరకే, అంటే 121 సెల్సియస్. ఎగ్జాస్ట్ దగ్గర వద్దు. పూర్తిగా లోహంతో చేసిన ఎంఎస్21042 రకం 450 వరకు, అంటే 232 సెల్సియస్ వరకు ఆగుతుంది. మెట్రిక్‌లోనూ ఈ రెండు రకాలూ దొరుకుతాయి. ఈ నట్ల సైనిక స్పెక్కులో పదిహేనుసార్లు ఎక్కించి దించినా పట్టు నిలవాలని నియమం ఉంది, కానీ అది ప్రయోగశాలలో. నీ దగ్గర గుర్తు ఒకటే: నట్టు వేళ్లతోనే చివరిదాకా తిరిగిపోతే పారెయ్. నట్టు దాటి రెండు మరలైనా బయటికి కనిపించాలి. బిగించాక తల మీదుగా బ్రాకెట్ మీదికి ఎర్ర పెయింటుతో ఒక గీత గియ్యి, తిరిగిందో లేదో దూరం నుంచే తెలుస్తుంది.

రబ్బరువాసన:

బోల్టుల గురించి స్పానర్ గారు చెప్పారు, నేను క్లాంపుల గురించి చెబుతా, నా పని అదే.

ఆ ఫ్యూయల్ లైన్ క్లాంపు రబ్బరు ఉబ్బింది అన్నారు కదా, దాదాపు ఖాయంగా అది ఈపీడీఎం అనే రకం రబ్బరు. రేడియేటర్ నీళ్లకి, ఎండకి ఈపీడీఎం బంగారం లాంటిది, డీజిల్ తగిలితే మాత్రం స్పంజిలా పీల్చుకుని ఉబ్బుతుంది. డీజిల్ దగ్గర నైట్రైల్ రబ్బరు కావాలి. డీజిల్‌తో పాటు బాగా వేడి కూడా ఉంటే ఫ్లోరోసిలికాన్. ఉత్త సిలికాన్ వేడికి మంచిదే కానీ నూనెలకి, ఇంధనానికి కాదు, ఈ రెండు పేర్లు ఒకటే అనుకుని కొనేవాళ్లు చాలామంది. స్టాండర్డ్ నంబరు ఇక్కడే పనికొస్తుంది. ఏఎస్21919 లాంటి క్లాంపుకి నంబరులోని అక్షరాలు రేకు ఏ లోహమో, లోపలి రబ్బరు ఏదో చెబుతాయి, చివరి అంకె సైజు, అంగుళంలో పదహారో వంతుల లెక్కన. 8 అంటే అరంగుళం పైపుకి అన్నమాట. పేరు లేని క్లాంపు మీద 'రబ్బర్ లైన్డ్' అని మాత్రమే రాస్తారు, ఏ రబ్బరో దేవుడికే తెలియాలి.

సైజు సరిపోయిందో లేదో ఇలా చూసుకోండి: బిగించాక రబ్బరు రెండు కొసలూ ఒకదానికొకటి తగలాలి, మధ్యలో రేకు పైపుకి తగలకూడదు, పైపును చేత్తో తిప్పితే లోపల తిరగకూడదు. తిరిగిందంటే అదురుకి అది రాసుకుంటూనే ఉంటుంది. అలాగని చిన్న సైజు వేసి నొక్కేస్తే రబ్బరు పక్కకి పొంగి తెగుతుంది.

ఇక రేడియేటర్ హోస్. ఒక ప్రశ్న అడుగుతా, నీళ్లు కారేది ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడా, చల్లారాకా? చల్లారాక పొద్దున చూస్తే చుక్కలు కనిపిస్తుంటే క్లాంపు నాసిరకం కాకపోవచ్చు. వేడికి రబ్బరు క్లాంపు కింద నలిగి అలాగే ఉండిపోతుంది, చల్లారితే మెడ (హోస్ ఎక్కించే రేడియేటర్ గొట్టం), హోస్ రెండూ కుంచించుకుపోతాయి, క్లాంపు మాత్రం అదే సైజులో ఉండిపోతుంది, ఆ సందులోంచి నీళ్లు. దానికి స్క్రూ కింద గిన్నెల్లాంటి స్ప్రింగ్ వాషర్లు పేర్చి ఉండే క్లాంపులు ఉంటాయి, రబ్బరు కుంగినా అవి వెనకే బిగుసుకుంటూ వస్తాయి. స్పానర్ గారు తిట్టిన స్ప్రింగ్ వాషరు వేరు, ఇది వేరు, ఇది నిజంగా పనిచేస్తుంది. మీ హోస్ మెత్తటి సిలికాన్‌ది అయితే చిల్లుల పట్టీ ఉన్న మామూలు వార్మ్ డ్రైవ్ క్లాంపు, అంటే స్క్రూ తిప్పితే పట్టీ బిగిసేది, వద్దు, ఆ చిల్లుల్లోంచి సిలికాన్ కొబ్బరి తురుములా గీరుకుని బయటికొస్తుంది. లోపల నున్నటి పట్టీ ఉన్నది తీసుకోండి.

క్లాంపు హోస్ అంచుకు మరీ దగ్గరగా ఉండకూడదు, మెడ మీద ఉబ్బెత్తు గాజులాంటి అంచుకి లోపలి వైపు పడాలి. ఉబ్బెత్తు మీదే బిగిస్తే ఎంత ఖరీదైన క్లాంపైనా జారుతుంది. అర అంగుళం పట్టీ ఉన్న మామూలు వార్మ్ డ్రైవ్‌కి 4 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల చాలు, తయారీదారు చార్టు చూసుకోవాలి. పెద్ద పాన పెట్టి తిప్పితే పట్టీ మీద గాళ్లు సాగిపోయి, స్క్రూ ఖాళీగా తిరుగుతుంది. కొత్త హోస్ వేశాక మొదటిసారి వేడెక్కి చల్లారాక మళ్లీ ఒకసారి బిగించండి.

మూడోషిఫ్టు:

మీరు చెప్పింది అక్షరాలా నిజం, కారేది పొద్దున చల్లగా ఉన్నప్పుడే. నడిచేటప్పుడు చుక్క ఉండదు. అందుకే ఎవరికీ చూపించలేకపోయా.

ఇంకో సందేహం. 'ఫుల్ స్టెయిన్‌లెస్' అని తెచ్చిన క్లాంపుకి అయస్కాంతం పెట్టా. పట్టీకి అంటీ అంటనట్టు అతుక్కుంది, స్క్రూకి మాత్రం టక్కున అతుక్కుంది. మోసపోయానా?

లాట్‌నంబర్:

స్క్రూ విషయంలో అనుమానించాల్సిందే, కానీ వెంటనే తీర్పు చెప్పకండి. 304 లాంటి 300 సిరీస్ స్టెయిన్‌లెస్ రేకును చల్లగా వంచి నొక్కితే కొంచెం అయస్కాంత గుణం వస్తుంది, కాబట్టి పట్టీ కాస్త అతుక్కోవడం మామూలే. స్క్రూ టక్కున అతుక్కుందంటే అది జింక్ పూసిన మామూలు స్టీలు కావచ్చు, లేదా 410 లాంటి 400 సిరీస్ స్టెయిన్‌లెస్ కావచ్చు, అదీ స్టెయిన్‌లెస్సే కానీ తుప్పును అంతగా ఆపలేదు. చాలా క్లాంపుల్లో పట్టీ, గూడు మాత్రమే స్టెయిన్‌లెస్, స్క్రూ కాదు, పట్టీ మీద ముద్ర చూసి మొత్తం అదే అనుకుంటాం. స్క్రూ తుప్పు పట్టి పట్టేస్తే క్లాంపు విప్పడానికి కోయడమే గతి. ఒక గ్లాసు ఉప్పునీళ్లలో ముంచి తీసి రెండు మూడు రోజులు అలా వదిలేయండి. ఇది అసలు సాల్ట్ స్ప్రే పరీక్షకి సమానం కాదు, అది 5 శాతం ఉప్పునీటి పొగలో 35 డిగ్రీల దగ్గర గంటల తరబడి చేస్తారు. కానీ మరీ నాసిరకం స్క్రూ ఈ గ్లాసులోనే దొరికిపోతుంది.

నేను సామాను వచ్చినప్పుడు తనిఖీ చేసే పని చేస్తా కాబట్టి కాగితాల గురించి చెబుతా. మిల్-స్పెక్ అని అమ్మేవాణ్ణి సర్టిఫికెట్ ఆఫ్ కన్ఫార్మెన్స్, అంటే సరుకు ఆ స్పెక్ ప్రకారమే ఉందని రాసిచ్చే కాగితం, అడగండి. అందులో పూర్తి పార్ట్ నంబరు, ఏ రివిజన్, తయారీదారు పేరు, లాట్ నంబరు, పూత ఏ స్పెక్ ప్రకారం వేశారో ఉండాలి. సంచి మీద లాట్ నంబరు, కాగితం మీద లాట్ నంబరు ఒకటే ఉండాలి. ఇది వింటే చిన్న విషయంలా ఉంటుంది, నేను తిప్పి పంపిన వాటిలో ఎక్కువభాగం ఈ ఒక్క తేడాతోనే పోయాయి. ఒకసారి ఒక సరఫరాదారు పంపిన కాగితంలో లాట్ నంబరు దిద్ది మళ్లీ ప్రింటు తీశారు, ఆ ఒక్క గళ్లో అక్షరం సైజు వేరేగా ఉంది, అక్కడే దొరికారు. కొన్ని స్పెక్కులకి ముందే పరీక్షించి ఆమోదించిన తయారీదారుల జాబితా ఉంటుంది, క్యూపీఎల్ అంటారు, అమెరికా రక్షణ శాఖ లాజిస్టిక్స్ విభాగం దాన్ని ఇంటర్నెట్లో ఉచితంగా పెట్టింది, తయారీదారు పేరు అందులో వెతుక్కోవచ్చు. అన్ని పార్టులకీ ఆ జాబితా ఉండదు, కాబట్టి అందులో కనబడలేదని నకిలీ అనుకోకండి.

బోల్టు తల కూడా చదవండి. గ్రేడు గుర్తుతో పాటు తయారీదారు గుర్తు ఉండాలి. 1980ల్లో అమెరికాలో గ్రేడ్ 8 (అంగుళాల బోల్టుల్లో గట్టి రకం) గుర్తు కొట్టిన తక్కువరకం బోరాన్ స్టీలు బోల్టులు గుట్టలుగా బయటపడ్డాయి, మామూలుగా లాగి చూస్తే నిలబడేవి, వేడిలో పెడితే లాగుడు వదిలేసేవి. ఆ గొడవ తర్వాతే 1990లో ఫాస్టెనర్ క్వాలిటీ యాక్ట్ అని చట్టం చేశారు.

పూత గురించి ఒక జాగ్రత్త. పసుపు రంగులో మెరిసే పాత సైనిక బోల్టులు చాలావరకు కాడ్మియం పూతవి. తుప్పు ఆపడంలో, అల్యూమినియం పక్కన పెట్టినా పేచీ పెట్టకపోవడంలో దానికి మంచి పేరు. కానీ విషం. దాన్ని గ్రైండ్ చేయొద్దు, వెల్డింగ్ మంట తగలనీయొద్దు, 232 డిగ్రీలు దాటే చోట వాడొద్దు, ఆ వేడికి కాడ్మియం గట్టి స్టీలులోకి చొరబడి పెళుసు చేస్తుంది. ఇప్పుడు చాలాచోట్ల జింక్-నికెల్ పూత వాడుతున్నారు. అలాగే 12.9 లాంటి బాగా గట్టి బోల్టును కొని బయట మామూలు ప్లేటింగ్ చేయించకండి. ప్లేటింగ్ తొట్టెలో హైడ్రోజన్ స్టీలులోకి దూరుతుంది, గంటల కొద్దీ కాల్చి దాన్ని వెళ్లగొట్టకపోతే బిగించిన రెండు రోజులకి, ఎవరూ ముట్టుకోకుండానే, తల టక్కుమని ఊడి పడుతుంది.

నట్‌లెస్:

ఇంత రాద్ధాంతం అవసరమా అండీ? ట్రైలర్ జనరేటరుకి విమానం సామాను ఎందుకు? ఈపీడీఎం బదులు నైట్రైల్, మంచి కంపెనీ 10.9 బోల్టు, లాక్ నట్టు, స్ప్రింగ్ క్లాంపు. అయిపోయె.

పాతస్పానర్:

నువ్వు చెప్పింది నిజమే, కొనేది అదే. కానీ ఏ రబ్బరు, ఏ నట్టు, ఎంత వేడి అని అడగడం ఆ సైనిక కాగితాలు చూసే నేర్చుకున్నాం. ఆ సామాను కొనకపోయినా, ఇంకా సైన్యం పేరు మీదే ఉన్న కాగితాలు చదవడానికి ఉచితమే కదా. ఒక్కటి మాత్రం చేర్చు: స్టెయిన్‌లెస్ బోల్టుకి స్టెయిన్‌లెస్ నట్టు వేస్తే మరలకి యాంటీ-సీజ్ (మరలు పట్టేయకుండా ఉంచే పేస్టు) పూయాలి, లేకపోతే సగంలో పట్టేస్తుంది, తర్వాత ముందుకీ రాదు, వెనక్కీ పోదు. ఏ2-70 స్టెయిన్‌లెస్ బలం 700 మెగాపాస్కల్సే, మెరుస్తోంది కదా అని 10.9 ఉన్నచోట దాన్ని వెయ్యొద్దు.

మూడోషిఫ్టు:

ఆరు వారాల తర్వాత వచ్చాను. బ్రాకెట్ విప్పితే తల కింద మూడు పొరల పెయింట్, పైది ఆకుపచ్చ, దాని కింద బూడిద రంగు, అట్టడుగున ఎర్ర ప్రైమరు. వాషరు ఆ పొరల్లోకి దిగి గుండ్రటి గుంట పెట్టింది. రంధ్రం బాగానే ఉంది. పెయింట్ గీకి, కొంచెం పొడుగు 10.9 బోల్టు వేసి, లోహపు లాక్ నట్టు బిగించి, గీత గీశా. ఫ్యూయల్ లైనుకి నైట్రైల్ క్లాంపులు, రేడియేటరుకి స్ప్రింగ్ వాషర్ల క్లాంపు. గీత జరగలేదు, పొద్దున చుక్కలు లేవు. ఉప్పునీళ్ల గ్లాసులో ముంచి తీసిన ఆ 'ఫుల్ స్టెయిన్‌లెస్' స్క్రూ రెండో రోజుకే ఇటుక రంగు కక్కింది.

ముగ్గురు అమ్మేవాళ్లకి పార్ట్ నంబరు, సర్టిఫికెట్ అడుగుతూ రాశాను. ఒకరు అన్నీ పంపారు. ఒకరు జవాబివ్వలేదు. మూడో ఆయన మిల్-స్పెక్ అని రాసి ఉన్న పెట్టె ఫోటోనే ఈసారి ఇంకాస్త దగ్గరగా తీసి పంపాడు.